బడి బ్యాండు: కలిసి వాయించే విద్యపై ఒక సమీక్ష

వాద్యం వాయించడం నేర్చుకోవడం మొదటి మెట్టనీ, నలుగురితో కలిసి వాయించడం దాని తరువాతి మెట్టనీ చాలాకాలంగా ఒక నమ్మకం ఉంది. ముందు వేళ్లు, పెదవులు, ఊపిరి మాట వినాలి, ఆ తరువాతే బృందంలో చోటు దొరకాలి అన్నది కర్ణాటక వాద్యవిద్యలోనూ, ఐరోపా సంగీత విద్యాలయాల్లోనూ నిలిచిన క్రమం. పాఠశాల బ్యాండు ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. ఒక్క స్వరమైనా నిలకడగా పలకని పదేళ్ల పిల్లలను ముప్పై నలభై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి, తొలి వారాల నుంచే సమష్టిగా వాయింపజేసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో స్థిరపడి, అక్కడినుంచి అనేక దేశాలకు వ్యాపించింది. ఈ పద్ధతి నిజంగా ఏమి నేర్పుతుంది, ఏది నేర్పుతున్నట్టు చెప్పుకుంటూ నేర్పలేకపోతోంది, దాని చరిత్రలోని ఏ అవసరాలు దానికి ఇప్పటి రూపాన్ని ఇచ్చాయి అన్నవి ఈ సమీక్షలోని ప్రశ్నలు. ఇక్కడ బ్యాండు అనే మాటను ముఖ్యంగా సుషిరవాద్యాలు, అంటే గాలితో ఊదే వాద్యాలు, తాళవాద్యాలతో కూడిన బృందం అన్న అర్థంలో గ్రహించాలి; తీగవాద్యాలు ప్రధానంగా ఉండే ఆర్కెస్ట్రా ప్రస్తావన అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

కలిసి వాయించడంలో ఒంటరి సాధనకు అందనిది ఏమిటో ముందుగా తేల్చుకోవాలి. మొదటిది శ్రుతి. ఇద్దరు పిల్లలు ఒకే స్వరాన్ని ఊదినప్పుడు ఒకరిది సెకనుకు 440 కంపనాలు, మరొకరిది 442 అయితే, వినేవారికి రెండు స్వరాలుగా కాక, సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గే ఒకే స్వరంగా వినిపిస్తుంది. భౌతికశాస్త్రం విస్పందనాలు అని పిలిచే ఈ అల తన వాద్యంలోనూ లేదు, పక్కవాడి వాద్యంలోనూ లేదు; ఇద్దరి మధ్య గాలిలో మాత్రమే ఉంది. అందుకే గదిలో తలుపు మూసుకుని వందసార్లు సాధన చేసినా దానిని వినే అవకాశం రాదు. పైగా సుషిరవాద్యంలో శ్రుతి ఒకసారి సరిచూసుకుంటే నిలిచేది కాదు: గాలి వేడెక్కిన కొద్దీ అందులో ధ్వనివేగం పెరిగి స్వరం పైకి జరుగుతుంది, అలసిన పెదవుల బిగువు సడలితే కిందికి జారుతుంది. కాబట్టి బ్యాండులో శ్రుతి చేయడం అంటే పాట మొదలుకాకముందు ముగించే పని కాదు, పాట సాగినంతసేపూ చెవితో చేస్తూనే ఉండే పని.

రెండవది కాలం. ప్రవీణులైన వాద్యకారులు ముగ్గురు కలిసి వాయించిన ధ్వనిముద్రణలను రూడాల్ఫ్ రాష్ 1979లో కొలిచి చూడగా, ఒకేసారి పలికినట్టు వినిపించే స్వరాల ఆరంభాల మధ్య సాధారణంగా 30 నుంచి 50 మిల్లీసెకన్ల తేడా ఉన్నట్టు తేలింది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఏకకాలంలో వాయించడం అనేది గడియారపు ఖచ్చితత్వం కాదనీ, ఒకరి కోసం ఒకరు ఎడతెగకుండా చేసుకునే సర్దుబాటు అనీ ఈ కొలత చెబుతుంది. పీటర్ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ సర్దుబాటులో మూడు శక్తులను గుర్తించాడు: పక్కవాడు తరువాత ఏమి వాయించబోతున్నాడో మనసులో ముందే వినగలగడం, తన వాదనంపై దృష్టి తప్పకుండానే మొత్తం బృందాన్ని వినగలగడం, తేడా వచ్చినప్పుడు క్షణంలో సవరించుకోవడం. వీటిలో రెండవది తెలుగువారికి కొత్త కాదు; పృచ్ఛకుల ప్రశ్నలన్నిటినీ ధారణలో ఉంచుకుని తన పద్యాన్ని నడిపించే అవధాని చేసేది ఆ కోవకు చెందిన పనే. బ్యాండులోని పదేళ్ల పిల్లవాడి నుంచి, చాలా చిన్న స్థాయిలోనే అయినా, ఆశించేది అటువంటి ధారణనే.

ఇతరులతో కాలం కలిపే శక్తికి మూలాలు మరీ చిన్నతనంలోనే ఉన్నట్టు సెబాస్టియన్ కిర్ష్‌నర్, మైకేల్ తోమసెల్లోల ప్రయోగాలు సూచించాయి. యంత్రం కొట్టే దెబ్బకంటే ఎదురుగా కూర్చుని డోలు వాయించే మనిషి దెబ్బతో చిన్నపిల్లలు మెరుగ్గా కలిశారని 2009లోనూ, కలిసి పాడుతూ వాయించిన నాలుగేళ్ల పిల్లలు ఆ తరువాత ఒకరికొకరు ఎక్కువగా సాయపడ్డారని 2010లోనూ వారు ప్రకటించారు. లయ మొదట మనుషుల మధ్య పుట్టి, తరువాతే ఒంటరి నైపుణ్యంగా మారుతుందన్న వాదానికి ఇవి బలమిస్తాయి. మెట్రోనోము, అంటే సమానమైన దెబ్బలు కొట్టే లయయంత్రం, ఎంత ఉపయోగకరమైనదైనా పక్కవాడికి ప్రత్యామ్నాయం కాకపోవడానికి కారణం కూడా ఇదే: యంత్రం వాయించేవాడి కోసం ఆగదు, తిరిగి వినదు.

మైదానంలో కవాతు చేస్తూ వాయించే బ్యాండులో కాలం కలిపే సమస్య మరింత జటిలమవుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి ముప్పై మీటర్ల అవతల కొట్టిన డ్రమ్ము దెబ్బ చెవికి చేరేసరికి దాదాపు 87 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. అందరూ నిజాయితీగా చెవినే నమ్మితే బ్యాండు ముక్కలవుతుంది. అందువల్ల డ్రమ్ములవారు వెనుక నిలిచి నాయకుడి చేతిని కంటితో అనుసరిస్తారు, వారి ముందు నిలిచినవారు వెనుకనుంచి వచ్చే దెబ్బను చెవితో అందుకుంటారు. దీనితో స్వరాలన్నీ ప్రేక్షకులవైపు ఒకే అలగా సాగుతాయి. ఎప్పుడు కంటిని నమ్మాలో, ఎప్పుడు చెవిని నమ్మాలో తెలుసుకోవడం ఈ విద్యలోని సూక్ష్మాంశం.

ఇంత సూక్ష్మమైన విద్యను వందలమందికి ఒకేసారి నేర్పాలన్న ఆలోచన ఎక్కడిది? దాని మూలాలు సంగీతం కంటే ఎక్కువగా సాంఘిక చరిత్రలో ఉన్నాయి. ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్ పట్టణంలో 1897లో ఒక పాఠశాల పిల్లలకు వయొలిన్‌ను సామూహికంగా నేర్పడం మొదలైంది. ముర్డాక్ అనే వాద్య వ్యాపార సంస్థ తక్కువ ధరకు వాయిదాలపై వాద్యాలు సరఫరా చేయడంతో అది వ్యాపించి, పదేళ్లు దాటేసరికి సుమారు 4 లక్షలమంది పిల్లలను చేరినట్టు అంచనా. బోస్టన్ పాఠశాలలకు చెందిన ఆల్బర్ట్ మిచెల్ 1910లో ఇంగ్లండు వెళ్లి ఈ పద్ధతిని చూసివచ్చి అమెరికాలో వయొలిన్ తరగతులు ప్రారంభించాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక సైనిక బ్యాండుల్లో పనిచేసినవారు చాలామంది పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా చేరడంతో, వయొలిన్ స్థానాన్ని ట్రంపెటు, క్లారినెట్టు, ట్రాంబోను వంటి వాద్యాలు ఆక్రమించాయి. 1923లో షికాగోలో జరిగిన జాతీయ పాఠశాల బ్యాండు పోటీని నిర్వహించినవారు వాద్యాల తయారీదారులు. అదే సంవత్సరం జోసెఫ్ మ్యాడీ, థాడియస్ గిడింగ్స్ వేర్వేరు వాద్యాలను ఒకే తరగతిలో నేర్పడానికి వీలైన బోధిని ప్రచురించారు. మ్యాడీ 1928లో ఇంటర్‌లాకెన్‌లో స్థాపించిన వేసవి సంగీత శిబిరం నేటికీ సాగుతోంది.

వ్యాపారం, యుద్ధం, పోటీ అనే మూడు శక్తులు బ్యాండు పుట్టుకలోనే ఉన్నాయన్న సంగతిని దాచవలసిన పని లేదు. అవి లేకుండా సామాన్య కుటుంబాల పిల్లల చేతికి ఆ వాద్యాలు అంది ఉండేవి కావు. కానీ సైనిక బ్యాండు నుంచి వచ్చిన క్రమశిక్షణ, పోటీ నుంచి వచ్చిన తప్పుల లెక్క కలిసి, నాయకుడు ఒక్కడే వింటాడు, పిల్లలు అతడు చెప్పినది సరిదిద్దుకుంటారు అనే అలవాటును కూడా స్థిరపరిచాయి. వినడమే ఈ విద్యకు ప్రాణమైనప్పుడు, ఆ వినడాన్ని ఒక్క మనిషికి అప్పగించడం కన్నా పెద్ద లోపం మరొకటి ఉండదు.

మొదటి ఏడాది పాఠక్రమాన్ని పరిశీలిస్తే ఈ చిక్కు స్పష్టపడుతుంది. అమెరికాలో పిల్లలు సాధారణంగా అయిదు లేదా ఆరో తరగతిలో వాద్యాన్ని ఎంచుకుంటారు. ముందుపళ్లు స్థిరపడి, చేతులు కొంత సాగిన వయసు అది. తొలి పాఠాలు బి ఫ్లాట్ అనే స్వరం చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే ట్రంపెటులో మీటలు నొక్కకుండా, ట్రాంబోనులో గొట్టం జరపకుండా సహజంగా పలికే స్వరాలు ఆ వరుసకు చెందినవి. తీగవాద్యాల తరగతి డి స్వరం నుంచి మొదలు కావడానికీ, కర్ణాటక సంగీతంలో సరళీవరుసలు మాయామాళవగౌళలో ఉండడానికీ ఇటువంటి బోధనా కారణాలే చెబుతారు: మాయామాళవగౌళలో సరిగమ, పదనిస అనే రెండు భాగాల్లో స్వరాల ఎడం ఒకేలా ఉంటుంది కాబట్టి ఒక భాగం పట్టుబడితే రెండవది తేలికవుతుంది. బ్యాండులో అదనపు ఇబ్బంది ఒకటుంది. బి ఫ్లాట్‌గా వినిపించే ఆ స్వరాన్నే క్లారినెట్టు, ట్రంపెటు పిల్లలు సి అనీ, ఆల్టో శాక్సఫోను పిల్లలు జి అనీ, హార్ను పిల్లలు ఎఫ్ అనీ తమ కాగితంపై చదువుతారు. ఏ వాద్యానికి ఆ వాద్యం షడ్జమాన్ని వేరుచోట పెట్టుకున్నట్టు ఉండే ఈ ఏర్పాటు వాద్య నిర్మాణ చరిత్ర మిగిల్చిన వారసత్వం. పది మంది పది పేర్లతో పిలుస్తున్నది ఒకే ధ్వని అని పిల్లలకు తెలియాలంటే కాగితం చాలదు, చెవే దిక్కు.

ఇక్కడే ఈ రంగంలోని పాత వివాదం ఎదురవుతుంది: స్వరలిపి ముందా, నాదం ముందా? స్విట్జర్లండుకు చెందిన పెస్టలాట్సీ విద్యా సిద్ధాంతాన్ని అనుసరించి, వస్తువు ముందు, గుర్తు తరువాత అన్న సూత్రాన్ని లోవెల్ మేసన్ అమెరికా సంగీత బోధనలోకి తెచ్చాడు. అతని కృషి ఫలితంగానే 1838లో బోస్టన్ ప్రభుత్వ పాఠశాలల్లో గానం పాఠ్యాంశమైంది. ఇరవయ్యో శతాబ్దంలో ఎడ్విన్ గోర్డన్ ఈ సూత్రాన్ని విస్తరించి, ధ్వని ఎదుట లేనప్పుడు కూడా దానిని మనసులో అర్థవంతంగా వినగల శక్తికి ఆడియేషన్ అని పేరుపెట్టి, ఆ శక్తి లేకుండా లిపి చదవడం అర్థం తెలియని భాషను బిగ్గరగా చదవడంతో సమానమని వాదించాడు. అయినా బ్యాండు తరగతుల్లో చాలావరకు మొదటి రోజునే పుస్తకం తెరుచుకుంటుంది, ఎందుకంటే ముప్పైమందిని ఒకేసారి నడిపించడానికి కాగితం కంటే తేలికైన పగ్గం లేదు. గురుముఖతః నేర్చుకునే తెలుగు పిల్లలు ముందు పాడి, చేతితో తాళం వేసి, మూడు కాలాల్లో స్వరాన్ని నోట నిలుపుకున్నాకే వీణ పట్టే అలవాటుతో పోలిస్తే ఈ తొందర విచారకరమే. అయితే గురుముఖ పద్ధతి ముప్పై వాద్యాల గదిని ఎన్నడూ ఎదుర్కోలేదన్న మాట కూడా న్యాయంగా చెప్పాలి.

పిల్లలు ఇంటివద్ద చేసే సాధనపై నమ్మదగిన పరిశీలన ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. గ్యారీ మెక్‌ఫర్సన్, అతని సహచరులు సిడ్నీలోని పాఠశాల బ్యాండుల్లో చేరిన 157మంది పిల్లలను సంవత్సరాల తరబడి గమనించారు. వాద్యం చేతికి రాకముందే ఎంతకాలం వాయించదలచుకున్నారని అడిగితే, జీవితంలో చాలాకాలం అన్న పిల్లలు, ఒకటి రెండేళ్లు అన్నవారితో సమానంగా సాధన చేసినప్పుడు కూడా వారికంటే చాలా ముందుకు సాగారు. సాధనలో ఎక్కువ భాగం పాటను మొదటినుంచి చివరివరకు ఒకసారి వాయించేయడంతోనే సరిపోతోందనీ, తప్పిన చోట ఆగి సరిచేసుకోవడం అరుదనీ కూడా వారు గమనించారు. వాయించే మనిషిగా తనను తాను ఊహించుకోవడం సాధన గంటల కంటే ముందు రావలసిన విషయమన్నది ఈ అధ్యయనం తేల్చిన ముఖ్యాంశం. ఆ ఊహకు రూపం ఇచ్చేది బృందమే. ఒంటరిగా రెండు స్వరాలు ఊదే పిల్లవాడికి అది సంగీతంలా వినిపించదు, ముప్పైమంది నడుమ అవే రెండు స్వరాలు పాటలో భాగమవుతాయి.

జపానులో బ్యాండు తరగతి గదిలో కాక, బడి విడిచిన తరువాతి సంఘాల్లో పెరిగింది. 1939లో ఏర్పడిన అఖిల జపాన్ బ్యాండు సమాఖ్య నిర్వహించే వార్షిక పోటీలో, నిర్ణీత రచన ఒకటి, ఎంచుకున్న రచన ఒకటి కలిపి 12 నిమిషాల్లో ముగించాలి. ఉన్నత పాఠశాలల పెద్ద విభాగంలో 55మంది వరకు వేదిక ఎక్కవచ్చు. పై తరగతి విద్యార్థులు కింది తరగతివారికి పెదవుల బిగింపు మొదలు వరుస క్రమం వరకు అన్నీ నేర్పడం అక్కడి ప్రత్యేకత. ఈ అమరికను డేవిడ్ హీబర్ట్ 2012లో వెలువరించిన గ్రంథంలో లోతుగా చర్చించాడు. ఉపాధ్యాయుడి చెవిని పిల్లల మధ్య పంచే ఏర్పాటు కాబట్టి ఇది మెచ్చుకోదగినదే. కానీ 12 నిమిషాల కోసం నెలల తరబడి సెలవు లేకుండా సాధన సాగడం పిల్లలనూ, ఉపాధ్యాయులనూ అలసిపోయేలా చేసింది. 2018లో జపాన్ ప్రభుత్వం ఇటువంటి సంఘాలకు వారానికి కనీసం రెండు రోజుల విశ్రాంతి ఉండాలని మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది.

వెనెజువేలాలో హోసే అంతోనియో అబ్రేయు 1975లో ప్రారంభించిన ఎల్ సిస్తెమా పేదపిల్లల జీవితాన్ని ఆర్కెస్ట్రా ద్వారా మార్చే ఉద్యమంగా ప్రపంచమంతటా కీర్తి పొందింది. 2014లో జెఫ్రీ బేకర్ ప్రచురించిన విమర్శ ఆ కీర్తిని పునఃపరిశీలనకు గురిచేసి, కఠినమైన అధికార క్రమంలో వాయించిన పిల్లలకు సహకారం అలవడుతుందని ఏ ఆధారంతో చెబుతున్నారని ప్రశ్నించింది. కలిసి కూర్చోవడమే కలిసి నేర్చుకోవడం కాదన్న ఈ ప్రశ్నకు ఉద్యమాభిమానులు ఇచ్చిన జవాబులు సంతృప్తికరంగా లేవు.

అటువంటి అధికార క్రమానికి పూర్తిగా ఎదురుగా నిలిచేది లండన్‌కు చెందిన లూసీ గ్రీన్ పరిశోధన. గిటారు, డ్రమ్ములతో పాటలు వాయించే యువ కళాకారులు బడి బయట ఎలా నేర్చుకున్నారో పరిశీలించి, వారు తమకు నచ్చిన పాటను తామే ఎంచుకుని, రికార్డు వింటూ చెవితో పట్టుకుని, స్నేహితులతో కలిసి తప్పొప్పులు దిద్దుకుంటారని ఆమె చూపింది. ఆ క్రమాన్ని తరగతి గదిలోకి తెచ్చిన ప్రయోగాన్ని 2008లో గ్రంథంగా వెలువరించింది. ఉపాధ్యాయుడు మొదట పక్కకు తప్పుకుని చూస్తాడు, అడిగినప్పుడే సాయపడతాడు. గదిలో గందరగోళం ఎక్కువే, స్వరజ్ఞానం క్రమపద్ధతిలో రాదన్న ఆక్షేపణ కూడా సరైనదే. కానీ ఈ పద్ధతిలో వినే బాధ్యత ప్రతి పిల్లవాడి మీదా పడుతుంది. నలుగురి బృందంలో ఒకడు తప్పితే దాక్కునే చోటు ఉండదు, అరవైమంది బ్యాండులో మూడో వరుస క్లారినెట్టు పిల్లవాడు ఏడాదంతా వేళ్లు ఆడిస్తూ ఊదకుండా గడిపేయవచ్చు. రెండు పద్ధతులకూ మధ్య పెద్ద బ్యాండును వారంలో కొన్ని గంటలు ముగ్గురు నలుగురి చిన్న బృందాలుగా విడదీసే దారి ఉంది. ఈ సమీక్షలో చూసిన మార్గాలన్నిటిలోనూ సమర్థనకు ఎక్కువ అర్హమైనది అదే.

బ్యాండు వల్ల పిల్లల తెలివి పెరుగుతుందన్న ప్రచారాన్ని జాగ్రత్తగా తూచాలి. గ్లెన్ షెలెన్‌బర్గ్ 2004లో ఆరేళ్ల పిల్లలు 144మందిపై చేసిన ప్రయోగంలో సంగీతం నేర్చినవారి ప్రజ్ఞాలబ్ధి స్వల్పంగా ఎక్కువ పెరిగింది. సాంఘిక ప్రవర్తనలో మెరుగుదల మాత్రం నాటకం నేర్చినవారిలో కనిపించింది. 54 అధ్యయనాలను కలిపి 2020లో జొవాన్ని సాలా, ఫెర్నాన్ గోబె జరిపిన విశ్లేషణలో, ప్రయోగ నియమాలు పటిష్ఠంగా ఉన్నచోట ఈ లాభం దాదాపు మాయమైంది. వినికిడికి దగ్గరైన శక్తుల విషయం వేరు. షికాగో ఉన్నత పాఠశాలల్లో బ్యాండు తరగతిలో చేరినవారిని, సైనిక శిక్షణ తరగతిలో చేరినవారితో పోల్చి ఆడమ్ టియర్నీ, నీనా క్రాస్ బృందం 2015లో ప్రకటించిన ఫలితాల్లో, మెదడు ధ్వనిని గ్రహించే తీరులోనూ, మాటలోని ధ్వనులను విడదీసి గుర్తించే శక్తిలోనూ బ్యాండు పిల్లలు ముందున్నారు. వినే పని చేసినవారికి వినికిడి పదునెక్కడం సహజం. లెక్కల మార్కుల పేరు చెప్పి బ్యాండును కాపాడుకోవాలనుకునే పాఠశాలలు బలహీనమైన స్తంభాన్ని ఆనుకుంటున్నాయి.

ఏ పిల్లలకు ఏ వాద్యం దక్కుతుందన్నది కూడా నిష్పాక్షికంగా జరగదు. డ్రమ్ములు, ట్రాంబోను, ట్రంపెటు మగపిల్లలవనీ, ఫ్లూటు, క్లారినెట్టు, వయొలిన్ ఆడపిల్లలవనీ భావించే ధోరణిని హెరాల్డ్ ఏబెలిస్, సూజన్ పోర్టర్ 1978లోనే నమోదు చేశారు. వాద్యం కొనే స్తోమత దీనికి తోడైన మరో వడపోత.

భారతదేశంలో కలిసి వాయించే విద్యకు సొంత చరిత్ర ఉంది. మద్రాసు కోటలోని ఆంగ్లేయుల బ్యాండు విని ముత్తుస్వామి దీక్షితులు ఆ వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాలు శంకరాభరణ స్వరాల్లో, గమకాలు లేకుండా సాగుతాయి. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, మనిషి మనిషికీ కొంత మారుతుంది కాబట్టి అది లేనిచోట పదిమంది కలవడం తేలిక. అందుకే నేటికీ అవి పిల్లల బృందగానానికి అనువుగా ఉన్నాయి. 1918నాటి ఇన్‌ఫ్లుయెంజా అనాథలను చేసిన పిల్లలను చేరదీసి మైహర్ సంస్థానంలో ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ తీర్చిన వాద్యబృందం మరింత విశిష్టమైనది. తుపాకి గొట్టాలను కోసి తయారుచేసిన నల్‌తరంగ్ అనే వాద్యం అందులో మోగింది. ఆకాశవాణి 1952లో నెలకొల్పిన వాద్యబృందానికి తరువాతి కాలంలో వైణికుడు ఈమని శంకరశాస్త్రి రచనలు చేసి నడిపించారు. కానీ ఈ ప్రయత్నాలేవీ సామాన్య పాఠశాల దాకా రాలేదు. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాల గొప్ప విద్వాంసులను తయారుచేసింది, అయితే దాని ఆదర్శం ఏకవాద్య కచేరీయే. ప్రవాసంలో తెలుగు పిల్లలు రెండు లోకాల్లో నడుస్తున్నారు: వారం రోజులు బడి బ్యాండులో క్లారినెట్టు, వారాంతంలో వర్ణాలు. 1978 నుంచి క్లీవ్‌లండులో జరుగుతున్న త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలను గోష్ఠిగా పాడేటప్పుడు, బ్యాండులో అలవడిన చెవి పనికి రావడానికి ఆటంకమేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలల్లో బ్యాండు అంటే సాధారణంగా సైడు డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, తాళాలు, కొన్నిచోట్ల బ్యూగిళ్లు; దాని పని కవాతుకు అడుగు కలపడం. కొన్ని పాఠశాలలు గణతంత్ర దినోత్సవం సందర్భంగా జరిగే జాతీయ బ్యాండు పోటీలకు సిద్ధమవుతాయి. కళలను పాఠ్యేతర అంశాలుగా విడిగా చూడరాదని 2020నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది, కానీ వాద్యం నేర్పే ఉపాధ్యాయుడి పోస్టు లేని బడిలో ఆ మాట కాగితం దాటదు. అదే ఊళ్లో సమష్టి వాదనం తెలిసినవారు లేకపోలేదు. నాదస్వర మేళంలో చేరిన కుర్రవాడికి తొలి పని తాళం వేయడమో, ఒత్తు ఊదడమో. ఒత్తు అంటే కచేరీ సాగినంతసేపూ ఆధారశ్రుతిని తెగకుండా నిలిపే వాద్యం. రాగం ముట్టుకోకముందు ఆ కుర్రవాడు నెలల తరబడి ఒకే స్వరం పట్టి, దాని పైన పెద్దలు వాయించేదంతా వింటాడు. పాశ్చాత్య బోధనా శాస్త్రం నాదం ముందు, గుర్తు తరువాత అని వాదించి సాధించదలచినది ఆ మేళంలో ఏ గ్రంథమూ లేకుండా అమలులో ఉంది. చెక్కభజన గురువు రాత్రుళ్లు గుడి ముందు పాతికమంది చేతులను, అడుగులను ఒకే తాళానికి తెస్తాడు. ఆ గురువుకు గానీ, మేళంలోని డోలు విద్వాంసుడికి గానీ బడిలో వారానికి రెండు పీరియడ్లు ఇచ్చే ఏర్పాటు కష్టమైనది కాదు. అది జరిగేవరకు బడి డ్రమ్ములు ఆగస్టు మొదటి వారంలో స్టోరు గదినుంచి బయటికి వస్తాయి, పదిహేనో తేదీ దాటాక మళ్లీ అక్కడికే చేరుతాయి.